శేషప్ప పద్నాలుగు సూదులు

గురుబరపల్లి చుట్టుపక్కల మామిడి అంట్లు కట్టడంలో శేషప్పను మించినవాడు లేడని తోటలవాళ్లందరూ ఒప్పుకునేవారు. యాభై రెండేళ్ల మనిషి. ఆరేళ్లుగా చక్కెర జబ్బు ఉన్నా, పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర మింగుతూ రోజుకు మూడు వందల అంట్లు కట్టేవాడు.

1996 ఆగస్టులో ఒక ఉదయం నర్సరీలో వంగి పని చేస్తుండగా, ఒక కుక్క వెనకనుంచి వచ్చి ఆయన పిక్క పట్టుకుంది. మొరగలేదు. కట్టెతో కొట్టినా వెంటనే వదల్లేదు. వదిలాక తూలుకుంటూ హైవే దాటి పోయింది. తరువాత ఎంత వెతికినా కనిపించలేదు.

కృష్ణగిరి పెద్దాసుపత్రిలో, కుక్క జాడ తెలియదు కాబట్టి బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు వేయించుకోవాలన్నారు. "వేరే జబ్బులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. శేషప్ప లేవని తల ఊపాడు. షుగరు ఉందంటే సూది వేయబోమంటారేమోనని భయం. చిన్నప్పుడు సామల్పట్టిలో పిచ్చికుక్క కరిచిన ఒక మనిషిని మంచానికి కట్టేసి ఉంచడం చూశాడు. గ్లాసులో నీళ్లు చూపిస్తే ఆ మనిషి గొంతు బిగుసుకుపోయి అరిచిన అరుపు ఆయనను ఇంకా వదల్లేదు.

ఇంటికొచ్చాక ఇంకో భయం పట్టుకుంది. ఆ మందూ ఈ మందూ కడుపులో కొట్లాడుకుంటే? భార్య వెంకటలక్ష్మమ్మకు చెప్పకుండా చక్కెర మాత్రలు మానేశాడు.

నాలుగో సూదికి పొట్ట మీద కోడిగుడ్డంత వాపు వచ్చింది. ఐదో రోజు సాయంత్రానికి ఒళ్లు కాలిపోయే జ్వరం. చెంబు వెనక చెంబు నీళ్లు తాగుతున్నాడు, అయినా నాలుక పిడచకట్టుకుపోతోంది. నీళ్లు గొంతు దిగిన ప్రతిసారీ, ఇంకా దిగుతున్నాయి కదా అని లోలోపల ఊపిరి పీల్చుకుంటున్నాడు.

వెంకటలక్ష్మమ్మకు అనుమానం వచ్చింది. ఆ రోజుల్లో ఇంట్లో చక్కెర చూసుకోవాలంటే మూత్రం చుక్కలు నీలి మందులో వేసి గాజు గొట్టాన్ని మంట మీద కాచాల్సిందే; రంగు ఎంత ఎర్రబడితే చక్కెర అంత ఎక్కువ. ఆమె కాస్తుంటే శేషప్ప కన్ను ఆర్పకుండా చూశాడు. నీలం ఆకుపచ్చయింది. పసుపయింది. అక్కడైనా ఆగుతుందేమో అనుకున్నాడు. ఆగలేదు. ఇటుక రంగుకు తిరిగి, అడుగున మడ్డిలా దిగింది.

పలకరించడానికి వచ్చిన పక్కింటి రాజప్ప ఆ గొట్టం చూసి అదిరిపోయాడు.

"ఆ సూదిమందే పెంచింది చూడు శేషప్పా. రేపట్నుంచి పోవద్దు. కుక్క జబ్బు వస్తాదో రాదో, షుగరు మాత్రం నిన్ను తినేస్తాది."

రాజప్ప వెళ్లాక వెంకటలక్ష్మమ్మ మాత్రల డబ్బా తెచ్చి చాప మీద బోర్లించింది.

"ఐదు దినాలవి అట్లనే ఉండాయి. ఏమిటికి నిలిపినావు?"

"రెండూ కలిస్తే ఏమైతాదో అని..."

"ఎవుర్ని అడిగినావు?"



తెల్లారి బస్సెక్కేదాకా పోదామా వద్దా అని ఆయన మనసు ఊగుతూనే ఉంది. ఆరో సూది వేయించుకుంటే చక్కెర చంపుతుంది, మానేస్తే ఆ మంచం, ఆ అరుపు. భార్య భుజం పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నళినిది హోసూరు, తెలుగు మనిషే. రక్తం తీయించి చూస్తే చక్కెర నాలుగు వందల ఇరవై.

"షుగరు ఉండాదని ముందే ఏల చెప్పలేదప్పా?"

"చెప్తే సూది ఎయ్యరని భయపడినానమ్మా."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "సూదికి జ్వరమొస్తే నాలుగు దినాలు చక్కెర కొంచెం పైకి ఏరుతాది. అది దిగిపోతాది. నువ్వు మాత్రలు నిలిపినావు చూడు, దాంతోనే ఇంత ఏరింది. ఇప్పుడు కుక్క సూది నిలిపేది లేదు, చక్కెర మందు నిలిపేది లేదు. ఈడే పండుకో."

వార్డులో చేర్చుకుని సెలైన్ పెట్టారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆరో సూదికి శేషప్ప కళ్లు మూసుకుని చొక్కా ఎత్తాడు. మరునాడు మూడు వందల యాభై. దిగుతోందని అనుకునేలోపే ఏడో సూదికి జ్వరం తిరగబెట్టి, మూడు వందల ఎనభైకి పోయింది. ఆ పగలంతా వెంకటలక్ష్మమ్మ మంచం పట్టెను వదల్లేదు. ఎనిమిదో రోజు జ్వరం జారింది. తొమ్మిదో రోజు రెండు వందల నలభై. పదకొండో సూది నాటికి నూట డెబ్బై. అప్పుడు ఇంటికి పంపారు. మిగిలిన మూడింటికీ మాత్ర మింగి, ఇంత తిని, బస్సులో వచ్చి వేయించుకు వెళ్లాడు.

మళ్లీ పనిలో కూర్చున్న వారానికి, రాజప్ప దూడ నోట్లో నురగలు కక్కుతూ గోడకు తల బాదుకుని చచ్చింది. తోక దగ్గర పాత కుక్క కాటు ఉందని అప్పుడు చూశారు. అంతకు రెండు రోజుల ముందు, గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని రాజప్ప దాని నోట్లో చేయి పెట్టాడు. వేళ్ల మీద పళ్ల గీతలు ఇంకా మానలేదు.

శేషప్ప కత్తి కింద పెట్టి రాజప్ప ఇంటికి పోయాడు. రాజప్ప అరుగు మీద కూర్చుని చేయి చూసుకుంటున్నాడు, తలెత్తలేదు.

"లెయ్యప్పా, బస్సు వచ్చే టైమైంది," అన్నాడు శేషప్ప.

"నీకు ఆ పొద్దు నేనే గదా పోవద్దంటిని..."

"చెప్పినావులే. చొక్కా ఏసుకో."

ఆసుపత్రి వరసలో శేషప్ప ఆయన వెనకే నిలబడ్డాడు. వేరే జబ్బులేమైనా ఉన్నాయా అని కిటికీలోంచి అడగ్గానే, రాజప్ప నోరు తెరవకముందే శేషప్ప ముందుకు వంగి, "ఈయనకు చక్కెర ఉందేమో తెలీదమ్మా, అది కూడా చూడండి," అన్నాడు.