డాబా మీద పడవ గది

మా మేనమామ పోయాడని అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అయ్యో, రంధ్రం సగమే కోసిన." ఆ మాట ఇప్పుడు మా చుట్టాలందరి నోళ్లలో నానుతోంది. మహబూబాబాద్‌లో మా ఇంటికి పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ అమ్మ అదే చెప్పింది. "సొంత మామ సచ్చిపోయిండంటే రంధ్రం ముచ్చట చెప్పింది. పిల్లకు మనసు లేదు." వాళ్లు నా వైపు ఓసారి చూసి, తలలూపి, చాయ్ తాగి వెళ్లారు. ఏం రంధ్రమో ఒక్కరూ అడగలేదు.

మీకు చెప్తాను. నేను కొచ్చిలో పడవలు బాగుచేసే చోట పనిచేస్తాను. ఒక రిటైరైన డాక్టరమ్మ తన చిన్న తెరచాప పడవను మా దగ్గరికి తెచ్చింది. అందులో ఇద్దరు పడుకునే గది ఒకటి ఉంది. ఆ పడవ మీద దక్షిణ అమెరికా చివరన ఉండే చలి నీళ్లకు పోతుందట. అందుకని గదిలో హీటర్ పెట్టాలి. గోడకు బిగించే చిన్న డీజిల్ పొయ్యి అది. దాని పొగగొట్టం పడవ కప్పులోంచి పైకి పోవాలి. నేను కోస్తున్నది ఆ గొట్టం కోసం రంధ్రం. ముందురోజు సాయంత్రం కూడా మామ ఫోన్ చేసి అడిగాడు: "ఏం కోడలా, రంధ్రం కొట్టినవా? ఒక్కసారి కొడితె మల్ల పూడ్చరాదు. జర సూస్కో." రేపు చెప్తా అన్నాను. ఆయనకు బాకీ ఉన్న ఆ జవాబు అమ్మ చెవిన పడింది. అంతే జరిగింది.

డాక్టరమ్మ నన్ను కూడా రమ్మంది, రెండో మనిషిగా. ఆ సంగతి మా ఇంట్లో చెప్పలేదు. మామకు ఒక్కడికే తెలుసు.

మామకు జనగామలో గిన్నెల దుకాణం. దుకాణంలో గద్దె ఉన్నా ఆయన గడప దగ్గర బోర్లించిన గంగాళం మీదే కూర్చునేవాడు. గద్దె మీద కూర్చుంటే బజారు కనిపించదని ఆయన బాధ. గిన్నెకు మూత సరిగ్గా కూర్చోకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు. పెళ్లికి పోయినా వంటల దగ్గరికి వెళ్లి ఏ మూత దేనిదో వెతికి సర్ది వచ్చేవాడు. "బావకు పెండ్లికొడుకు ఎవలో తెల్వది గని, పప్పు గిన్నె మూత యాడుందో తెలుసు" అని మా బాపు ఎక్కిరించేవాడు. స్నానానికి నీళ్లు కాగబెట్టే రాగి బాయిలర్లు ఆ బజారులో చివరిదాకా అమ్మింది మామే. గీజర్లు వచ్చాక కొనేవాళ్లు తగ్గిపోయారు. అయినా చలికాలం పొద్దున్నే దుకాణం ముందు ఒకటి రాజేసి, పక్క దుకాణాల వాళ్లను మొహం కడుక్కోమని పిలిచేవాడు. బేరానికి కాదు. వేడినీళ్లు మొహాన పడగానే మనుషులు ఎట్లా మెత్తబడతారో చూడ్డం ఆయనకు ఇష్టం.

నా చిన్నప్పుడు కాటారంలో ఒక చుట్టాల ఇంటికి పోయాం. ముసురు పట్టిన డిసెంబరు సాయంత్రం. గదిలో కుంపటి పెట్టి, తలుపులు బిగించి, అందరం చుట్టూ మూగాం. మామ లేచి తలుపు బార్లా తెరిచాడు.

"ఏంది బావా, బయటి చలిని బొట్టు పెట్టి పిలుస్తున్నవా?" అన్నాడొకాయన.

"నిప్పు గూడ మన లెక్కనే గాలి తాగుతది. మనం, అది ఒక్క గ్లాసుల తాగొద్దు."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఆ తెరిచిన తలుపు వైపే వీపు పెట్టి కూర్చున్నాడు. చలంతా ఆయన వీపుకు, వెచ్చదనమంతా మాకు. డాక్టరమ్మ హీటర్ల బొమ్మలు ముందు పెట్టి ఏది తీసుకుందామని అడిగినప్పుడు, నేను బయటి గాలిని వేరే గొట్టంతో తీసుకునేదాన్నే చూపించాను. ఎందుకని అడిగితే కారణాలు చాలా చెప్పాను. కాటారం సంగతి చెప్పలేదు.

హైదరాబాద్‌లో రెండు ఉద్యోగాలు వదిలేశాక మా ఇంట్లో నాకు పెట్టిన పేరు 'నిలకడ లేనిది'. మామ ఒక్కసారి నా తరఫున మాట్లాడాడు. "దానికి నిలుస్తలేంది కాళ్లు కాదు, కండ్లు. సూడనియ్యిన్రి."

మొన్న చలికాలం ఇంటికి వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో పడవ గది బొమ్మ ఆయనకు చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉంది గని, నా మోకాలు ఏడ తగుల్తదో గిండ్ల కనవడ్తలేదు."

దాంతో మా డాబా మీద ఆ గదిని ఉన్నంత కొలతకు కట్టాం. నులక మంచాలు నిలబెడితే గోడలయ్యాయి. వడ్ల మీద కప్పే పట్టా కప్పయింది. రెండు బల్లలు పడకలు. దిగే మెట్లకు బదులు ఒక పాత పెట్టె. హీటర్ ఉండాల్సిన చోట పెట్టడానికి జనగామ నుంచి చిన్న బాయిలర్‌ను రైల్లో తెచ్చాడు. పెండ్లి సామానా అని రైల్లో పక్కన కూర్చున్నాయన అడిగితే, "కాదు, ఓడ సామాను" అన్నాడట.

పక్క డాబా మీది పెద్దమనిషి తొంగిచూశాడు. "ఏందన్నా గది?"

"పడవ."

"మరి నీళ్లేవి?"

"ముందుగాల పడవ కానియ్యి. నీళ్లు నువ్వు తే."

పొగగొట్టం నిటారుగా పోవాలని నేను, పైన తెరచాప తాళ్లకు తగలకుండా వంపు పెట్టాలని ఆయన. ఒక పక్క పట్టా పూర్తిగా ఎత్తిపెట్టి, రెండు రకాలుగానూ బాయిలర్ రాజేసి చూశాం. వంపు పెట్టినప్పుడు పొగ వెనక్కి తిరిగి మా ఇద్దరి కళ్లల్లో కొట్టింది. కళ్లు తుడుచుకుంటూ, "గెలిచినవ్ తియ్యి" అన్నాడు. అంతలో మామతో వచ్చిన అత్తమ్మ చాయ్ పట్టుకొని, వంగి, పెట్టె మీద కాలు పెట్టి లోపలికి దిగింది. కొంగు బాయిలర్‌ను రాసుకుంది.

"దిగే తొవ్వల నిప్పు వెట్టి మనుషులను ఎట్ల రమ్మంటరు? ఇద్దరు కలిసి గిదా చేసింది?"

మెట్ల పక్కన పెడితే వేడి బాగా అందుతుందన్నది మేమిద్దరం ఒప్పుకున్న ఒకే ఒక్క విషయం. సముద్రంలో పడవ ఒక పక్కకు వాలి ఉన్నప్పుడు, తడిసి, అలిసి దిగేవాళ్లు మొదట చేతికి అందినదే పట్టుకుంటారు. బాయిలర్‌ను ఎదురు గోడకు జరిపాం. అత్తమ్మ మళ్లీ పైకి ఎక్కి, మళ్లీ దిగి, "ఇగ మంచిగుంది" అంది.

ఆమె పోయాక మామ ఒక బల్ల మీద పడుకున్నాడు. కాళ్లు బయటికి వచ్చాయి. రెండో బల్ల చూపించి, "ఇది ఎవలది?" అన్నాడు.

డాక్టరమ్మ పిలిచిన సంగతి అప్పుడు చెప్పాను. పట్టా కేసి చూస్తూనే అన్నాడు.

"సముద్రమంటే నాకు భయం, కోడలా. అయితే నా భయం నాది. నీకెందుకు ఇయ్యాలె?"

గాలికి పట్టా మూల కొట్టుకుంటుంటే లేచి కట్టడానికి పోయాడు. మా మధ్య ఆ సంగతి మళ్లీ రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా హీటర్ గురించే అడిగేవాడు.

ఆఖరిసారి ఫోన్ చేసిన మర్నాడు పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతూ కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

పెద్దకర్మ అయ్యాక అందరూ ముందుగదిలో కూర్చున్నారు. బాపు నన్ను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. కోపంగా కాదు, ఎంతో ప్రేమగానే అన్నాడు: "మామంటే నీకు పానం గద బిడ్డా. వాళ్లకు పిల్లలు లేరాయె. జనగామ దుకాణంల నువ్వే కూసో. సంబంధాలు గూడ గాడికే వస్తయ్."

ఒక్క క్షణం ఆ గడప, బజారు, ఇత్తడి మీద పొద్దుటి ఎండ నా కళ్లముందు కదిలాయి. కూర్చోగలను. బాగానే కూర్చోగలను. నేను ఏడిస్తే దుకాణం కోసమని, ఏడవకపోతే మనసు లేదని అనుకునే వాళ్ల మధ్య, అందరికీ అర్థమయ్యే మనిషిని అయిపోవచ్చు.

"దుకాణం తాళాలు నా దగ్గరున్నయ్" అంది అత్తమ్మ, గోడ పక్క నుంచి. అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. "ఇన్నేండ్లు ఆయన బజారు సూస్తుంటె గల్ల పెట్టె సూసింది ఎవలు? నేను కూసుంట. దానికెందుకు చెప్తున్రు?"

అమ్మ నా వైపు తిరిగింది. "మరి నువ్వేం జేస్తవే?"

అప్పుడు వాళ్లకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. శుక్రవారం బండికి కొచ్చి పోతున్నాను. హీటర్ బిగిస్తాను. ఆ పడవలో డాక్టరమ్మతో నేనూ పోతాను.