వెనక కిటికీ సజ్జ

మా ఆయన్ని అందరూ సుత్తి అంటారు. రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి ఆ పేరు. పాత ఇళ్ళు బాగుచేయించుకునేవాళ్ళు ముందు మమ్మల్నే పిలుస్తారు. ఆయన పగలగొడతాడు, నేను తట్టతో ఎత్తిపోస్తాను. మేం ఊడ్చి వెళ్ళాక కట్టేవాళ్ళు వస్తారు.

ఒకప్పుడు ఆయనా కట్టేవాడే. మా అన్నకు పని నేర్పింది కూడా ఆయనే. ఇరవై రెండేళ్ళ క్రితం ఇద్దరూ కలిసి ఒక ఇంటికి సజ్జలు వేశారు, ముందు కిటికీ మీద ఒకటి, వెనక కిటికీ మీద ఒకటి. మా అన్న ఇనప చువ్వలు కట్టాడు, మా ఆయన కాంక్రీటు పోశాడు. నాలుగు నెలలకు ముందు సజ్జ ఊడిపడి ఇంటాయన తల్లికి కాలు విరిగింది. ముక్కలు ఆ పూటే ఎత్తి పారబోశారు.

మర్నాడు నలుగురూ కూర్చున్నారు. చువ్వలు తాను సరిగ్గానే కట్టానని, బావే మాలులో ఇసుక ఎక్కువ కలిపాడని మా అన్న చెప్పాడు. మా ఆయన నోరు విప్పలేదు. తప్పు లేనివాడైతే మాట్లాడడా అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆ తర్వాత ఆయన చేతికి ఎవరూ తాపీ ఇవ్వలేదు. మా అన్న పెద్ద మేస్త్రీ అయ్యాడు. మా అన్నను చూసి బుద్ధి తెచ్చుకో అని ఇన్నేళ్ళూ ఆయన్ని సాధిస్తూనే ఉన్నాను.

మొన్న అదే ఇంట్లో పని తగిలింది. ఇంటాయన కొడుకు వంటగదిని వెనక్కి పెంచుతున్నాడు, వెనక సజ్జ కొట్టేయాలి. మేమెవరో అతనికి తెలియదు. మా ఆయన గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు, అంతే.

ముందుది పడ్డ కొత్తల్లోనే కాబోలు, ఆ సజ్జ కింద సామాన్ల గదికి గోడ లేపారు. దాని మీద ఆనుకునే ఇన్నాళ్ళు నిలిచింది. సమ్మెటతో ఎంత బాదినా పెచ్చు లేవదు. మధ్యాహ్నానికి సగం కూడా కాలేదు. ఎవడు పోశాడోగానీ రాయిలా ఉందని ఆ కొడుకు విసుక్కున్నాడు. ఇసుక ఎక్కువైన మాలు ఇలా ఉంటుందా?

ఇంటి గోడ అంచు దాకా పగిలాక చువ్వలు బయటపడ్డాయి. సజ్జ చువ్వ గోడలోకి, కిటికీ మీది దూలంలోకి మూరెడు దిగాలి. ఇన్ని ఇళ్ళు పగలగొట్టినదాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు. ఇక్కడ ఏడు చువ్వలూ గోడ అంచు దగ్గరే ఆగిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి లోపలికి వెళ్ళలేదు. ఈ సజ్జలు వేసిన సంవత్సరమే మా అన్న తన కిటికీలకు కొత్త ఊచలు పెట్టించాడు. ఎంత ముచ్చటగా ఉన్నాయన్నయ్యా అని మెచ్చుకున్నది నేనే.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని విన్నాను, కట్టే ఇంటి చువ్వలు కోసుకున్నవాడు నా తోడబుట్టినవాడే అయ్యాడు. తడిగుడ్డతో మా గొంతులు కోశాడు. ఒక చువ్వ ఊడలాగి, ఇప్పుడే పోయి వాడి వాకిట్లో విసిరికొడతానని లేచాను. మా ఆయన మాత్రం ఆ చువ్వల్ని చూసి ఆశ్చర్యపోలేదు. అది చూసి నా కోపం ఆయన మీదికి మళ్ళింది.

"నీకు ముందే తెలుసా? మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

ఆయన సమ్మెట గోడకు ఆనించాడు.

"చెప్పాను. మీ అన్న కట్టాడు కదా అని చూడకుండా పోశాను, అది నా తప్పు. పడ్డ ముక్కల్లో చువ్వలు చూసి ఆ సాయంత్రమే నీకు చెప్పాను. మా అన్నను ఇంకొక్క మాటంటే నీ నోరు పడిపోతుందన్నావు."

అన్నాను. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆయన ముందు నుంచి అన్నం కంచం లాగేస్తూ అన్నాను. మర్నాడు నలుగురి ముందూ ఆయన నోరు పెగలలేదు. పుట్టుకతోనే మాట తక్కువ మనిషని అందరికీ చెబుతూ వచ్చాను.

అన్న వాకిట్లో వేస్తానన్న చువ్వ ఎక్కడ వేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. తట్ట తీసుకురమ్మన్నాడాయన.