బిస్కెట్ల గంట

మా అక్క నోరు మంచిది కాదు. ఆ మాట మొదటే చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది. బడిలో వంట చేసేది, గంట కొట్టేది, అడ్డొచ్చినవాణ్ణల్లా కడిగిపారేసేది. ఊరంతా ఆమెను గంటక్క అనేది. ఎదురుగా అనే ధైర్యం మాత్రం మేష్టారికి కూడా ఉండేది కాదు. నేను అక్క దగ్గరే కూరలు తరిగేదాన్ని.

కొండ మీది బడి అది. సముద్రాల అవతల ఎక్కడో ఉన్న ఒక సంస్థ దానికి రేకుల కప్పు వేయించి, పలకలూ బెంచీలూ పంపింది. సంస్థవాళ్ళు ముందు కబురు చేయకుండా వచ్చేవాళ్ళు. సెలవు రోజైనా సరే, ఫొటోలకు పిల్లలు బెంచీల మీద కనబడాలి. అందుకని అక్క వేరే గంట పెట్టింది. మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు, మళ్ళీ ఆగి ఒకటి. అది వినబడితే చాలు, లోయలో మేకలు కాసే పిల్లలు బిస్కెట్ల కోసం ఎగబడి వచ్చేవాళ్ళు. ఆ వరస అక్కకూ నాకూ తప్ప ఎవరికీ రాదు.

ఒక సెలవు రోజున తుపాకులవాళ్ళు వచ్చారు, ఏడుగురు. వాళ్ళకు మూటలు మోయడానికి పిల్లలు కావాలి. కిందటేడు పక్క కొండ నుంచి పట్టుకెళ్ళిన పన్నెండు మందిలో ఒక్కడూ తిరిగి రాలేదు. వాళ్ళను చూడగానే మేష్టారు కిటికీలోంచి దూకి పారిపోయాడు.

మెడకు ఎర్రగుడ్డ చుట్టుకున్నవాడు గంటను దబదబా బాదాడు. ఒక్క పిల్లా రాలేదు.

"బిస్కెట్ల గంట ఉందట కదా. కొట్టు," అన్నాడు అక్కతో.

"మీ అమ్మ పోయినప్పుడు కొడతాలే."

తుపాకీ మడమతో మూతి మీద గుద్దాడు. రెండు పళ్ళు ఊడి నేలమీద పడ్డాయి. అక్క నెత్తురు ఉమ్మేసి, "ఇంతేనా? మా ఆయన ఇంతకంటే గట్టిగా కొట్టేవాడు," అంది. అప్పుడు ఆమె ఎడమ చెయ్యి బెంచీ మీద పెట్టించి, వేళ్ళు ఒక్కొక్కటీ చితక్కొట్టారు. ఆ అరుపులకు చెవులు మూసుకున్నాను.

చివరికి తుపాకీ నా కణతకు ఆనించారు.

"అక్కా, కొట్టవే! నన్ను చంపేస్తారే!"

"చావు," అంది.

తోడబుట్టింది అంత మాటంటే ఒళ్ళు మండదా? మండింది. భయం కూడా వేసింది, దాచడమెందుకు. "నాకొచ్చు ఆ వరస. నేను కొడతా," అన్నాను.

సుత్తి అందుకుని మూడు దెబ్బలు కొట్టాను. ఆగాను. మళ్ళీ చెయ్యెత్తేసరికి, పొయ్యి ఎగదోసే ఇనప ఊచ నా మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. వెనక అక్క నిలబడి ఉంది.

"నీ పిల్ల కూడా ఆ లోయలోనే ఉందే, సిగ్గులేనిదానా!"

ఎర్రగుడ్డవాడు అక్కను కాల్చాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆ మోతకు లోయలో పిల్లలంతా గుహల్లోకి పారిపోయారు. ఇక ఎవరూ రారని వాడికీ అర్థమైంది. నన్ను డొక్కలో తన్ని, బియ్యం మూటలకు నిప్పు పెట్టి వెళ్ళిపోయారు.

తరవాత సంస్థవాళ్ళు వచ్చి అక్క ఫొటో బడి గోడకు తగిలించారు. నా వంకర చెయ్యి చూసి, "ఎంత పని చేశారమ్మా దుర్మార్గులు," అని కళ్ళు తుడుచుకున్నారు.

నా కూతురు రోజూ ఆ చేతికి నూనె రాసి మర్దన చేస్తుంది. రాస్తూ ఆ తుపాకులవాళ్ళను తిట్టిపోస్తుంది. అచ్చం వాళ్ళ పెద్దమ్మ నోరే. దీన్ని విరిచింది మీ పెద్దమ్మేనే అని ఇంతవరకు చెప్పలేదు. చెబితే, "ఎందుకమ్మా?" అని అడుగుతుంది.