నవ్వించి పెట్టిన ముద్ద

మేజోళ్ళ ఫ్యాక్టరీ వెనక గదిలో పిల్లల్ని చూసుకునే ఆవిడను అందరూ చెంచా అత్త అనేవారు. ఏడింటికి షిఫ్టు గంట మోగేలోపు తల్లులు పిల్లల్ని ఆవిడ చేతిలో పెట్టి మిషన్ల దగ్గరికి పరుగెత్తేవారు. ఆ తర్వాత గంటసేపు టిఫిన్లు. పాలకు మరిగిన పిల్లలకు తిండి అలవాటు చేయడమంటే మాటలా? ఎనిమిదో నెల పిల్లకు చిలగడదుంప గుజ్జు, పదో నెల వాడికి పచ్చసొన కలిపిన ఓట్స్ జావ, పళ్ళొచ్చిన దానికి మెత్తగా ఉడికిన క్యారెట్ ముక్క. కొత్తది ఏది పెట్టినా మూడు రోజులు అదొక్కటే పెట్టి, ఒంటికి పడిందో లేదో చూసుకుని, అప్పుడు రెండోది. ప్రతి గిన్నె వేడీ ముందు తన కింది పెదవి మీదే చూసుకునేది. ఇరవై రెండేళ్ళు అదే పని.

మొండి ఘటాల కోసం ఆవిడ దగ్గరొక కిటుకు ఉండేది. వడగట్టే గిన్నె నెత్తిన బోర్లించుకుని, బుగ్గలు పూరించి తుస్సుమనిపించేది. పిల్ల పకపకా నవ్వేది. ఆ నవ్విన నోట్లోకి చెంచా వెళ్ళిపోయేది.

"బతిమాలితే ఎవరు తెరుస్తారే నోరు? నవ్విస్తే వాళ్ళే తెరుస్తారు" అని కొత్తగా చేరిన ఆయాలకు పాఠం చెప్పేది. ఆవిడకు గర్వం ఉండేది. ఉంటే తప్పేముంది?

ఆవిడ కూతురు అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. ఆ పిల్లకు కొడుకు పుట్టాడు. వాడు బుడ్డోడు. మెడ ఆలస్యంగా నిలిచింది. తొమ్మిదో నెల వచ్చినా నోట్లో పెట్టింది నోట్లోనే ఉండిపోయేది. వయసుకు తగ్గ బరువు లేదు.

"మింగడం రావట్లేదు" అంది డాక్టరమ్మ. "నిటారుగా కూచోబెట్టి, చెంచాడు పెట్టి, అది మింగాకే ఇంకో చెంచా. నెల తర్వాత రండి. బరువు పెరక్కపోతే పొట్టలోకి గొట్టం పెట్టాల్సిందే."

అత్తకు ఒళ్ళు మండింది. "ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ తినిపించినదాన్ని, నా మనవడికి గొట్టమా? ఈ నెల నాకు వదిలెయ్" అంది కూతురితో.

కూతురు వదిలేసింది. అమ్మను కాక ఇంకెవర్ని నమ్ముతుంది?

అరటిపండు చిదిమింది. ఆపిల్ ఉడికించింది. పెరుగులో బొప్పాయి కలిపింది. ఆవిడ పప్పులేవీ ఉడకలేదు. మూడో వారం ఇక ఉండబట్టలేక వడగట్టే గిన్నె నెత్తికెక్కించింది. అప్పటిదాకా గొంతెత్తి నవ్వని బుడ్డోడు ఆ పొద్దున కిలకిలా నవ్వాడు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. సగం గిన్నె ఖాళీ అయింది. మధ్యలో రెండుసార్లు దగ్గాడు.

"పొలమారింది. వాళ్ళమ్మ తలుచుకుంటోంది కాబోలు" అంటూ నడినెత్తిన తట్టింది.

అలా నాలుగు రోజులు. నాలుగు రోజులూ పొలమారింది, నాలుగు రోజులూ తల్లి తలుచుకుంటోందనే అంది. కూతురు ఖాళీ గిన్నెలు చూసి అమ్మ చెయ్యి ముద్దు పెట్టుకుంది. అయిదో రోజు బుడ్డోడికి ఒళ్ళు కాలిపోయింది, ఛాతీలో గురక మొదలైంది.

"తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయింది" అంది డాక్టరమ్మ. "ఎవరు తినిపించారు?"

"నేనేనమ్మా. నవ్వించి పెట్టాను."

డాక్టరమ్మ కేకలు వేయలేదు. నవ్వేటప్పుడు ఊపిరి దారి తెరుచుకునే ఉంటుందని, మింగడం రాని ఈ బాబుకు ముద్ద అటే జారిపోతుందని నెమ్మదిగా చెప్పింది. కూతురు కొడుకును ఎత్తుకుని అటు తిరిగి నిలబడింది. తిట్టినా బాగుండేదని అత్త అనుకుంది.

బుడ్డోడు బతికాడు. పొట్టకు గొట్టం వచ్చింది. నోటితో తినే రోజు వస్తుందా అని అడిగితే, ఆశ పెట్టుకోవద్దన్నారు. అత్త ఫ్యాక్టరీ మానేసింది. అక్కడి తల్లులు ఇప్పటికీ కబురు పంపుతారు. ఆవిడ వెళ్ళదు.

ఇంట్లో మాత్రం రోజుకో రకం ఉడికిస్తుంది. డాక్టరమ్మ రాసిచ్చిన కొలత ప్రకారం రుబ్బి, పెదవి మీద వేడి చూసుకుని, అదే గిన్నెలో వడగట్టి, సిరంజిలోకి ఎక్కిస్తుంది.

"గొట్టంలో పోసేదానికి ఇన్ని రకాలెందుకమ్మా?" అంది కూతురు ఒకరోజు, షిఫ్టుకు వెళ్తూ. విసుక్కోలేదు, ఊరికే అడిగింది.

"రోజూ ఒకటే అయితే మొహం మొత్తదూ?" అంది అత్త, తన మాట తనకే వినపడి తల దించుకుంది.

కూతురు వెళ్ళిపోయింది. అత్త వడగట్టే గిన్నె తీసి కడుగుతోంది. మంచం మీద దిండ్లకు ఆనించిన బుడ్డోడు గిన్నెను చూశాడు. చూడగానే కిలకిలా నవ్వాడు. నవ్వి, నోరు తెరిచి, అలాగే ఎదురుచూస్తున్నాడు.