రెండు కుడి చేతుల కోటు

నా నోరు మంచిది కాదు. మా వీధిలో ఎవరినడిగినా చెప్పే మాటే కాబట్టి నేనే ముందు చెప్పేస్తే ఒక పనైపోతుంది. మా అన్నయ్య నాకు పెట్టిన పేరు సూది. ఎవరి ముందైనా ఆ పేరుతో పిలిచి, నేను మొహం మాడ్చుకోగానే, సూది ముందు నడవకపోతే దారం ఎక్కడికి పోతుందమ్మా అని సర్దిచెప్పేవాడు.

అన్నయ్య కటింగ్ మాస్టరు. నలభై మూడేళ్ళు ఒకే బల్ల ముందు నిలబడి గుడ్డ కోశాడు. నేను ఎదురుగా మిషను మీద కూర్చుని కుట్టేదాన్ని. షాపు ఎంత ఇరుకంటే, తను టేపు జాడిస్తే చివర వచ్చి నా ముక్కుకి తగిలేది. మనిషి మెట్టెక్కుతుండగానే ఏ భుజం దిగి ఉందో, ఏ కాలు పొట్టో చెప్పేసేవాడు. పొట్ట లోపలికి బిగబట్టి నిలబడ్డవాళ్ళతో, ఊపిరి వదిలెయ్యండి, నేనెవరికీ చెప్పనులెండి అనేవాడు. వాళ్ళు నవ్వేసరికి పొట్ట దానంతటదే బయటికి వచ్చేది, అప్పుడు కొలత రాసుకునేవాడు.

ఇంత నవ్వించే మనిషీ పని దగ్గర మాత్రం రాక్షసుడు. షాపు తెరిచిన ఏడాదే ఒక నియమం పెట్టాడు. ఎవరి చేతిలో గుడ్డ పాడైతే ఆ ముక్కను గోడకున్న మేకుకి వారం రోజులు తగిలించాలి. వచ్చినవాళ్ళందరికీ అది కనిపించాలి, అడిగితే ఎవరు పాడుచేశారో చెప్పాలి. కొత్తలో నా జాకెట్టు ముక్కలు దాని మీద ఎన్ని వేలాడాయో లెక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, ఏడ్చేదాన్ని, అన్నయ్యను తిట్టుకునేదాన్ని. అలాగే పని నేర్చుకున్నాను. అన్నయ్య కోసిన ముక్క మాత్రం ఈ నలభై మూడేళ్ళలో ఒక్కటీ ఆ మేకెక్కలేదు.

అన్నయ్య డెబ్బై ఒకటో ఏట ఒక మధ్యాహ్నం అన్నం తినడానికని షట్టరు సగం దించాను. చేతులు కడుక్కోవడానికి బయటికెళ్ళిన అన్నయ్య, వంగి లోపలికి వస్తూ ఒక్క అడుగు ముందే నడుం ఎత్తాడు. ఠంగుమంది. రక్తం లేదు, బొప్పి కూడా సరిగ్గా కట్టలేదు. షట్టరుకి సొట్ట పడిందేమో చూడమని నేను నవ్వాను. తనూ నవ్వాడు. తడిగుడ్డ అద్దుకుని అన్నం తిన్నాం. వదినకు చెబితే కంగారు పడుతుందని తను చెప్పలేదు, నేనూ చెప్పలేదు. సాయంత్రానికి ఇద్దరం మర్చిపోయాం.

నెల గడిచాక మనిషిలో తేడా మొదలైంది. బల్ల మీద తలపెట్టి పగలే కునుకు తీసేవాడు. ఎడమ కాలి చెప్పు ఈడుస్తూ నడిచేవాడు. ఆ చప్పుడు నాకు నరాల మీద రంపం పెట్టినట్టుండేది. కాలెత్తి వెయ్యి అన్నయ్యా, చెప్పుకి ప్రాణం పోతోంది అని విసుక్కునేదాన్ని. తలనొప్పా అంటే లేదనేవాడు. అడిగిన దానికి జవాబు కాసేపాగి వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. వయసు మీద పడిందనుకున్నాను. కాదు, అబద్ధమెందుకు, మొండికేస్తున్నాడనుకున్నాను.

అప్పుడే ఒక బ్యాంకు మేనేజరు కోటు గుడ్డ తెచ్చాడు. వాళ్ళ నాన్న కొనుక్కుని కుట్టించుకోకుండానే పోయాడట, రిటైరయ్యే రోజున తను తొడుక్కోవాలని ఆశ. గుడ్డ అర మీటరు తక్కువ. మామూలుగా గుడ్డను రెండు మడతలు వేసి కోస్తాం, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి జతగా వచ్చేస్తాయి. గుడ్డ చాలనప్పుడు మడత కుదరదు. పరిచి ఒక చెయ్యి కోసి, కాగితం నమూనాను తిరగేసి రెండోది కోయాలి. తిరగేయడం మర్చిపోతే రెండూ ఒక చేతివే వస్తాయి. పనిలో చేరిన మొదటి నెలలో ఎవరైనా చేసే తప్పు అది.

ముక్కలు నా మిషను మీదికి వచ్చాయి. జత కలుపుదామని పట్టుకుంటే రెండూ కుడి చేతులే. ఎటు తిప్పినా కుడివే, బోర్లిస్తే గుడ్డ లోపలి వైపు పైకి వస్తుంది. ఇంక గుడ్డ లేదు. ఎక్కడికెళ్ళినా అలాంటిది దొరకదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి ఆ రెండో చేతిని తీసుకెళ్ళి మేకుకి తగిలించాను. నియమం అందరికీ ఒకటేగా. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా నెమ్మదిగా అడిగాడు.

“ఇదెవరు పాడుచేశారే?”

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. నలభై మూడేళ్ళు నా ముక్కలు తగిలించి, తన వంతు వచ్చేసరికి వేషాలా అనుకున్నాను. ఆ తర్వాత నేనన్న మాటలు రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. గొప్ప మాస్టరివి, రెండు కుడి చేతులున్నవాణ్ణి ఎక్కడైనా వెతికి పట్టుకురా అన్నాను. నీకు ముసలితనం కాదు పొగరు అన్నాను. చేతిలోంచి కత్తెర లాక్కుని, నీ అవసరం లేదిక్కడ, నేను పిలిచేదాకా షాపు మెట్టెక్కకు అన్నాను. కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరు మనుషులు అక్కడే కూర్చుని ఉన్నారు. అన్నయ్య చెప్పు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ మాట నాకు అప్పటికే తెలుసు, తెలిసేం లాభం.

ఆ కోటుని చేతుల్లేని కోటుగా మార్చి కుట్టి, మేనేజరు కాళ్ళా వేళ్ళా పడి ఒప్పించాను. వదిన రోజు విడిచి రోజు ఫోన్ చేసేది, మీ అన్నయ్య అస్తమానం నిద్రపోతున్నాడమ్మాయ్, సరిగ్గా మాట్లాడడం లేదు, ఒకసారి వచ్చి పో అని. షాపుకి రావద్దన్నానని అలిగాడులే వదినా, అలకపాన్పు దిగాక తనే వస్తాడు అన్నాను. వెళ్ళలేదు. పన్నెండు రోజులు వెళ్ళలేదు. ఇల్లు ఎంత దూరమని, రెండు వీధుల అవతల.

పదమూడో రోజు పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. చొక్కా తొడుక్కోవడం చేతకావడం లేదట. ఎడమ చెయ్యి ఎక్కించకుండా కుడి చెయ్యొక్కటే ఎక్కించుకుని, తొడుక్కున్నానుగా అంటున్నాడట. ఉన్నపళంగా పరుగెత్తాను. చొక్కా చెయ్యి తెలియని మనిషి కాదు మా అన్నయ్య.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. ఈ మధ్య తలకేమైనా దెబ్బ తగిలిందా అని డాక్టరమ్మ అడిగింది. లేదండీ అంది వదిన. నేనే నోరు విప్పాల్సి వచ్చింది. ఏడు వారాల కిందట, షట్టరు, అన్నాను. వదిన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా మొహం మీదే ఉంది. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి, ఇన్నాళ్ళూ కొంచెం కొంచెంగా పెరిగి, కుడి వైపు మెదడుని నొక్కుతోందట. కుడి వైపు నొక్కితే ఎడమ కాలు, ఎడమ చెయ్యి మొరాయిస్తాయట. గుండెకని వేసుకునే రక్తం పలచబడే మాత్రలు దానికి తోడయ్యాయట.

పక్క మంచం మీద ఒక కరెంటు పని చేసే కుర్రాడు ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళు. నిచ్చెన మీంచి పడ్డాడు, అదే జబ్బు. అతను మూడో వారంలోనే తల పగిలిపోతోందని తనంతట తనే నడిచి ఆసుపత్రికి వచ్చాడు. అతనికంత నొప్పి వస్తే మా అన్నయ్యకు ఎందుకు రాలేదని డాక్టరమ్మను నిలదీశాను, తప్పు ఆవిడదైనట్టు. ఆవిడ విసుక్కోలేదు. వయసులో మెదడు పుర్రె నిండా ఉంటుందమ్మా, కొంచెం రక్తం చేరినా ఇరుకై నొప్పి పుడుతుంది అంది. పెద్దవాళ్ళకు మెదడు కుంచించుకుపోయి చోటు మిగులుతుంది. రక్తం ఆ చోట్లో చడీచప్పుడు లేకుండా చేరుతుంది. బయటికి కనిపించేది మతిమరుపు, మగత, తడబడే నడక. ఇంట్లోవాళ్ళు ముసలితనం అనుకుంటారు అంది. నేను కనీసం ముసలితనం అనుకున్నా బాగుండేది.

ఎముకకు రెండు చిల్లులు పెట్టి రక్తం తీశారు. మిషనులో పాత నూనెలా నల్లగా ఉంది. మర్నాటికి అన్నయ్య కళ్ళు తేటపడ్డాయి. ఎడమ చెయ్యెత్తి తలకట్టు తడుముకుని, కుట్లు ఎవరు వేశారో గానీ నీకంటే నయమే అన్నాడు. వదిన నవ్వుతూ ఏడ్చింది. నేను మాత్రం ఒక్కటే పట్టుపట్టాను. కాళ్ళు పట్టుకుని క్షమించమని అడగాలి. అది అడిగితే తప్ప నాకు ముద్ద దిగదు.

మూడో రోజు వదిన టిఫిను కోసం కిందికి వెళ్ళింది. నేను మంచం చివర నిలబడి పాదాల మీద చెయ్యి వేశాను. అన్నయ్యా అన్నానో లేదో, తనే అందుకున్నాడు.

“ఈ నెలన్నర నాకు సరిగ్గా గుర్తులేదే సూదీ. నిజం చెప్పు, మతి లేనప్పుడు ఎవరి గుడ్డయినా పాడుచేశానా?”

కళ్ళల్లో భయం. ఆపరేషన్ బల్ల మీదికి తీసుకెళ్తుంటే కూడా లేని భయం. మేనేజరు గుడ్డ మీద ఇంకా కత్తెర పెట్టలేదనుకుంటున్నాడు, అది చాలీచాలని గుడ్డ, నేను వచ్చేదాకా ముట్టుకోకండి అంటున్నాడు. నేను క్షమించమనాలంటే ముందు ఆ తప్పేమిటో చెప్పాలి. చెబితే నలభై మూడేళ్ళ పనిమంతుణ్ణి ఆ మంచం మీదే చంపినట్టు.

“నువ్వే కోశావన్నయ్యా. ఒక్క ముక్క తేడా రాలేదు” అన్నాను.

హమ్మయ్య అని కళ్ళు మూసుకున్నాడు. నా చెయ్యి ఇంకా కాళ్ళ మీదే ఉంటే, పాదాలు చల్లగా ఉన్నాయా, దుప్పటి కప్పు అన్నాడు.

కరెంటు కుర్రాడు నాలుగో రోజు తన సంచి తనే మోసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. అన్నయ్యకు ఎనిమిదో రోజు మళ్ళీ రక్తం చేరింది. పెద్దవాళ్ళలో అలా జరుగుతుందన్నారు. రెండోసారి తీశారు. ఈసారి కళ్ళు తేటపడలేదు. ఊపిరితిత్తుల్లో జబ్బు చేరి, తొమ్మిది రోజులు మూలిగి, ఒక పొద్దున నా ఎదురుగానే పోయాడు. చేతులు కాలాక పట్టుకోవడానికి నాకు ఆకులు కూడా దొరకలేదు.

నెల తర్వాత వదిన షాపుకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆ పన్నెండు రోజులూ అన్నయ్య నా మీద కోపంగా ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడని చెబితే కొంచెం తేలికపడదామని.

కోపమా అంది వదిన. “నువ్వు రావద్దన్నావని ఆయనకు గుర్తుంటే కదా. రోజూ పొద్దున్నే చొక్కా తొడుక్కుని, టేపు మెళ్ళో వేసుకుని గుమ్మం దాకా వచ్చేవాడు. ఇవాళ షాపు సెలవని ఆపేదాన్ని. సూది ఒక్కతే ఉంటుంది, మధ్యాహ్నమైనా వెళ్తాననేవాడు.”

పన్నెండు రోజులూ అంతేనా అని అడిగాను. పన్నెండు రోజులూ అంతే అంది.