వచ్చాను, వచ్చిన

1957. యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో మా అత్తగారిల్లు. బి.ఏ. చదివి, చంటిపిల్లను చంకనేసుకుని, రేడియో నాటకాల్లో పాత్ర కోసం దరఖాస్తు పెట్టిన కోడలు ఆ సందులో నేనొక్కదాన్నే. రేడియోలో మాట్లాడాలంటే ఏం చేయాలని కొందరు నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసింది ఒక్క నాటకం, అందులో ఒక్క మాట.

మా ఇంట్లో రేడియో లేదు. పక్కింట్లో ఫాతిమా ఆపా రేడియో పెడితే, గోడ ఇవతల నేను బట్టలు ఉతకడం ఆపి వినేదాన్ని. నాయిక నిట్టూరిస్తే చాలు, ఆవిడ ముఖం నా కళ్ళకు కట్టేది. నన్నూ అట్లా ఎవరో, ఎక్కడో ఊహించుకోవాలని ఉండేది.

ఆ నాటకాల్లో ఎవరూ మాలాగా మాట్లాడరు. అందుకని వంటింట్లో వాళ్ళ మాటలు సాధన చేశాను. 'వచ్చిన వచ్చిన' అంటూ నేను పరుగెత్తుకొస్తే ఏడుపు మానే పిల్ల, 'వచ్చాను' అంటే మాత్రం పరాయి మనిషిని చూసినట్టు చూసేది.

"పిల్ల గుడ జడుసుకుంటున్నది. ఎవరి మాటలే అవి?" అనేది అత్తమ్మ.

ఆడిషన్‌కు, అంటే గొంతు పరీక్షకు, పిలుపు వచ్చింది. రేడియో స్టేషన్ వరండాలో పిల్లను మా ఆయనకు అందించాను.

"లోపలికి పో, ఫికర్ చెయ్యకు. ఏడిస్తె నేనెత్తుకుంట."

"పాలకు ఏడిస్తే?"

"గప్పుడు నువ్వే రావాలె."

స్టూడియో తలుపు మూసుకుంటే బయటి చప్పుడు రాదు. ప్రొడ్యూసర్‌గారు అద్దం అవతల కూర్చుంటారు. ఆయన మాట గోడకున్న చిన్న పెట్టెలోంచి వస్తుంది. దాన్ని టాక్‌బ్యాక్ అంటారు. "కాగితం తిప్పితే మైకులో గలగలమంటుందండీ. చదివిన పేజీని మెల్లగా కిందికి వదిలేయండి" అన్నారు.

స్క్రిప్టులో ఒక తల్లి ఊరినుంచి వచ్చి, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుంటుంది. తలుపు అవతల నా బిడ్డ ఏడుస్తోందో లేదో తెలియడం లేదు. ఎక్కడా తడబడకుండా చివరిదాకా వచ్చాను. 'వచ్చానమ్మా, ఏడవకు' అని ఉంది. నా నోట "వచ్చిన బిడ్డా, ఏడ్వకు" అని వచ్చింది.

టాక్‌బ్యాక్ పలికింది.

"స్క్రిప్టులో అలా లేదండీ."

మళ్ళీ చదివాను, ఉన్నదున్నట్టు.

"ఇది తప్పులేకుండా ఉంది. కానీ మొదటిదే బాగుంది."

"అయితే నాకు అవకాశం ఇస్తారా సార్?"

"నాయికకు ఆ యాస నప్పదండీ. పనిమనిషి పాత్ర ఉంది, వేస్తారా? వినేవాళ్ళు బాగా నవ్వుతారు."

మా ఇంట్లో గుడి అర్చకుడైన మామగారూ ఇట్లాగే మాట్లాడతారని చెప్పాలనిపించింది. "వేస్తాను" అన్నాను.

ఆ నాటకం అప్పటికప్పుడే ప్రసారమైపోతుంది, తప్పు దొర్లితే దిద్దుకోవడం ఉండదు. పిల్లను అత్తమ్మకు అప్పగించి వెళ్ళాను. ఎర్రదీపం వెలిగింది. యజమానురాలు కేకేసింది. "వచ్చిన, వచ్చిన! గట్ల లొల్లి జేస్తె ఎట్లమ్మా?" అన్నాను. అద్దం అవతల ఎవరో నవ్వారు. అంతే, నా పాత్ర అయిపోయింది. ఇంటిదాకా నా కాళ్ళు నేలమీద లేవు.

గుమ్మంలో అత్తమ్మ, భుజంమీద వెక్కుతూ పిల్ల.

"ఆపా ఇంట్ల కూసొని విన్నం, నీ గొంతు మంచిగుండెనే. ఫాతిమా ఆపా 'హమారీ బహూ' అని, మన కోడలని ఒకటే మురిసె. గని గీ పిల్ల జూడు. నువ్వు 'వచ్చిన వచ్చిన' అనంగనే పాక్కుంట రేడియో కాడికి పోయింది. దాని ఎనక తొంగి జూసింది. నువ్వు లేకపోతివి. గప్పటిసంది ఏడుస్తనే ఉన్నది."

అత్తమ్మ నవ్వుతూనే చెప్పింది. నేను పిల్లను లాక్కుని హత్తుకున్నాను.

ఈ పనిలో గొంతు మనకంటే ముందు వెళ్ళిపోతుందని, దాని వెనక మనిషి కోసం ఎవరో ఒకరు వెతుకుతారని ఆ రోజు తెలిసింది. మళ్ళీ పిలుపు రాలేదు. 'వచ్చిన బిడ్డా' అంటూ ఒక తల్లి తన బిడ్డను ఎత్తుకునే నాటకం ఎవరైనా రాస్తారేమోనని ఎదురుచూస్తున్నాను. రాస్తే ఆ రోజు పిల్లను రేడియో దగ్గర కూర్చోబెట్టను. వరండా దాకా నాతోనే తీసుకుపోతాను, తలుపు తెరుచుకోగానే కనిపించేటట్టు.