బట్టీ గాలికి మూతపెట్టిన సుంకన్న మేస్త్రి

ఈ ఉదయం కడపలో మా ప్రయోగశాల గోడలకు వెల్ల వేస్తున్నారు. బకెట్లో సున్నం బుసబుసమని ఉడుకుతోంది; ఆ ఘాటు ముక్కుకు తగలగానే సుంకన్న మేస్త్రి గుర్తుకొచ్చారు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, కట్టడాలకు సున్నం చాలని రోజుల్లో, కోయిలకుంట్ల దారిలోని ఒక సున్నపు బట్టీలో నా మొదటి కొలువు. నేను డిప్లొమా చదివి వెళ్ళాను. ఆయనకు సంతకం తప్ప రాత రాదు.

సున్నపురాయి కాలితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. బట్టీ మూతి దగ్గర నిలబడి రాయి పోసే మనిషిని చప్పుడు లేకుండా పడగొడుతుంది. నేను చేరడానికి నెల ముందు మద్దిలేటి అనే కూలీ అలాగే పడిపోతే, సుంకన్న కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చి బతికించారట. అప్పటి నుంచి ఆయనది ఒకటే పట్టు: బట్టీకి మూత వేయాలి, ఆ గాలిని గొట్టంతో లాగేయాలి. యజమాని వినలేదు. ఆ వాయువును కడిగి సున్నపు నీళ్ళలోకి పంపితే పళ్ళపొడికి పనికొచ్చే మెత్తటి సుద్ద వస్తుందని నేను రాసి చూపాక ఒప్పుకున్నాడు.

బట్టీకి మూత వేసి, గొట్టం, గాలి లాగే పంపు బిగించాం. పంపు తిరిగింది. మధ్యాహ్నానికి సుద్ద కావలసిన సున్నపు నీళ్ళ తొట్టి సాయంత్రానికీ కాలేదు. సున్నం మిగిలుంటే గులాబీ రంగు చూపే చుక్కమందు నేను వేస్తే ఇంకా గులాబీయే. సుంకన్న వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. “ఇంకా చుర్రుమంటాండాదప్పా.”

“శనివారం దాకా చూస్తా,” అన్నాడు యజమాని. “అప్పటికీ కాకుంటే పంపు అమ్మి, మూత పీకేస్తా.”

అంటే మద్దిలేటి మళ్ళీ ఆ గాలిలోనే నిలబడాలి.

రాయి, బొగ్గు, మంట, నీళ్ళు అని నాలుగు కారణాలు రాసుకున్నాను. రెండు రోజులు పరీక్షించి నాలుగూ కొట్టేశాను. శుక్రవారం పొద్దున సుంకన్న నా పక్కన కూర్చున్నారు.

“ఇంజినీరప్పా, నీ కాగితంలో గొట్టం యాడుండాది?”

“గొట్టం కొత్తది కదా మేస్త్రీ.”

“కొత్త కడవైతే కారదా?”

ఆయన ఊదుబత్తి వెలిగించి గొట్టం అతుకుల వెంట మెల్లగా జరిపారు. మద్దిలేటి పగలబడి నవ్వాడు. “గొట్టానికి పూజ చేస్తాండావా మేస్త్రీ?”

“నీకు తద్దినం పెట్టేదానికన్నా ఇదే మేలు. నోరు మూసుకోరా.”

మూడో అతుకు దగ్గర ఊదుబత్తి పొగ వంకర తిరిగి లోపలికి దూరింది. పంపు బట్టీ వాయువుతో పాటు బయటి గాలినీ పీలుస్తోంది, అందుకే వాయువు పలచబడుతోంది! అలా గాలి లాగే అతుకులు పదకొండు దొరికాయి. సున్నం, బెల్లం, జనపనార కలిపి దంచి, పొద్దు గుంకేలోగా అన్నీ దట్టించాం.

శనివారం మధ్యాహ్నం చుక్కమందు వేసినా తొట్టి తెల్లగానే ఉంది. సుంకన్న రుచి చూసి ఉమ్మేశారు. “చప్పగుండాది.” యజమాని సుద్దను వేళ్ళ మధ్య రుద్దుకుంటూ ఇంకో తొట్టి కడదామన్నాడు. సుంకన్న అప్పటికే బట్టీ పైకి ఎక్కుతున్నారు. పంపు తిరుగుతుండగానే మూత తీయించి, మద్దిలేటి నిలబడే చోట తానే నిలబడి, రాయి పోసేంతసేపూ అక్కడే ఊపిరి పీల్చారు. దిగొచ్చి, “పంపు తిరగందే మూత తీయకూడదు. రాసుకో అప్పా,” అన్నారు.

ఇప్పుడు ఏ యంత్రానికి నక్షా గీసినా ముందు మనిషి నిలబడే చోటు గుర్తు పెడతాను. పని మొదలయ్యాక అక్కడికి ఎక్కి, ఒక విడత పని సాగినంతసేపు నేనూ నిలబడతాను. ఆ తర్వాతే సంతకం.